మేస్త్రి మింగిన పోగు

ధర్మవరం,
5 డిసెంబరు 1982.

అక్కా,

ముందు నమస్కారం, వెనకే ఫిర్యాదు.

నువ్వు అనంతపురంలో ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో మన నేసేవాళ్ళ వీధిలో నీ కీర్తి ఎంత పెరిగిందో నీకు తెలియదు. పెంచుతున్నది నాయన. తన కూతురు అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరని మగ్గం గుంటలో కూర్చున్నచోటు నుంచే వీధి చివరి ఇంటిదాకా వినిపించాడు. అది ఏ ఆసుపత్రో, అక్కడికి వచ్చే రోగులకు కాళ్ళు ఎన్నో, తోక ఉంటుందో లేదో మాత్రం ఆయన వెల్లడించలేదు. అబద్ధమాడాడని అనలేను. నిజాన్ని సగం నేసి, మిగతా సగం మగ్గం మీదే వదిలేశాడు.

దీని ఫలం అనుభవిస్తున్నవాణ్ణి నేను. ఎదురింటి ఓబమ్మవ్వ రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వచ్చి మన అరుగు మీద కూర్చుంటుంది. మోకాళ్ళ నొప్పులట. మీ అక్కకు రాసి మందు తెప్పించమంటుంది. రాయకపోతే అరుగు దిగేలా లేదు కనుక రాస్తున్నాను. రోగి పేరు ఓబమ్మ. వయసు ఆమె చెప్పేది యాభై, చూసినవాళ్ళు చెప్పేది డెబ్బై. కాళ్ళు రెండు. తోక లేదు. తగిన మందు సూచించవలసినది.

ఇంటి సంగతులు. అమ్మ ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చొని కండెలకు పట్టు చుడుతోంది. నేను నాయన పక్కన కూర్చొని చీర అంచుకు పోగు మోసే నాడె విసురుతున్నాను. బి.కాం. రెండో తరగతిలో పాసైనవాడు ఎడమ అంచుకు మించి దేనికీ పనికిరాడని నాయన తీర్పు. కుడి అంచుకు మొదటి తరగతి రావాలేమో.

ఇంట్లో కొత్తగా ఒకరు చేరారు. దసరాకు నువ్వు వచ్చి వెళ్ళిన వారానికి ఒక పిల్లి తనంతట తానే వచ్చి ఉద్యోగంలో చేరింది. బూడిదరంగు ఒళ్ళు, నల్లచారలు, మగవాడు. పట్టుకు పెట్టిన గంజి కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం వీడు వచ్చాడు. పగలంతా మగ్గం చుట్టూ తిరుగుతూ ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో చూస్తుంటాడు. అందుకని మేస్త్రి అని పేరు పెట్టాం. నాయన నేసేటప్పుడు గుంటలోకి దిగి ఆయన పాదాల పక్కన పడుకుంటాడు. నాయన వాణ్ణి ఒక్కసారి కూడా నిమరడు. కానీ కింద చెక్కలు తొక్కేటప్పుడు వాడి తోక నలగకుండా ఆచి తూచి తొక్కుతాడు. నన్ను పెంచినప్పుడు ఇంత జాగ్రత్త చూపిన గుర్తు లేదు.

నీ తమ్ముడు,
తిప్పన్న, బి.కాం. (ఎడమ అంచు).


అనంతపురం,
14 డిసెంబరు 1982.

తిప్పా,

ఓబమ్మవ్వను మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నా దగ్గర ఎద్దుల మెడకు పూసే తైలం ఉంది. అది ఆమె మోకాళ్ళకు పూస్తే తోలు ఊడుతుంది, నా ఉద్యోగమూ ఊడుతుంది.

నా కీర్తి సంగతి నువ్వు రాశావు కనుక, ఇక్కడ అది ఎట్లా వెలిగిపోతోందో నేనూ రాస్తాను. బెంగళూరులో ఆరు నెలలు కుక్కలకు, పిల్లులకు కడుపు కోసి కుట్టడం నేర్చుకుని వచ్చాను కదా. పశువుల ఆసుపత్రి వెనక గడ్డి దాచే గదిని ఖాళీ చేసి, సున్నం కొట్టించి, 'పెంపుడు జంతువుల శస్త్రచికిత్స' అని బోర్డు పెట్టి అందులో నన్ను కూర్చోబెట్టారు. సున్నం కింద నుంచి ఇంకా గడ్డి వాసనే వస్తుంది. ముందు ఆవరణంతా ఎద్దులు, గొర్రెలు. వాటిని తోలుకొచ్చిన రైతులు నా బోర్డు ఒకరితో ఒకరు చదివించుకుని, పిల్లికి కూడా డాక్టరా అని తలుపులోంచి తొంగిచూస్తారు. లోపల ఆడపిల్ల కనబడితే ఇంకొకరిని పిలిచి చూపిస్తారు. అటెండరు ఖాజా పీర్‌కు ఇది బొత్తిగా నచ్చదు. టికెట్టు పెడదామా మేడం అని అడిగాడు.

రోగులు రాకుండా లేరు. ఒక కాంట్రాక్టరు జీపులో అల్సేషన్ కుక్కను తెచ్చాడు. అది ఆయన భార్య చెప్పు పట్టీ మింగింది. ఆయనకు కుక్క మీద బెంగ, ఆమెకు చెప్పు మీద బెంగ. కోసి తీశాను. ఇద్దరూ సంతోషంగా వెళ్ళారు. ఒక హెడ్మాస్టరు గారు తన రామచిలుక మాట మానేసిందని తెచ్చారు. గంటసేపు చూశాను. చిలుకకు జబ్బేమీ లేదు. ఆ ఇంట్లో ఆయన దానికి సందు ఇవ్వడం లేదంతే.

నాకు ఈ పని బాగుంది తిప్పా. నిజంగానే బాగుంది. దసరాకు వచ్చినప్పుడు నాయన నన్ను అరుగు మీద కూర్చోనివ్వలేదు, ఎవరైనా ఏమైనా అడుగుతారని. నేను సిగ్గుపడే పని చేయడం లేదని ఆయనకు ఒకసారి చెప్పు.

వద్దులే, చెప్పకు.

నాగలక్ష్మి.


ధర్మవరం,
20 జనవరి 1983.

అక్కా,

నీ ఉత్తరం ఇంట్లో అందరి ఎదుటా గట్టిగా చదివాను. 'చెప్పు' అన్నదాకా చదివేశాక, దాని కింద 'చెప్పకు' అని ఉన్నట్టు కనుక్కున్నాను. నీ చేతిరాతలో ఆ రెండు వాక్యాల మధ్య దూరం ఎక్కువ. తప్పు నాది కాదు.

నాయన విన్నాడు. నాడె రెండు పోట్లు ఆగింది. తర్వాత నా అంచులో ఒక పోగు వదులుగా ఉందన్నాడు. అంతే.

ఆయన పక్షాన ఒక మాట. నీకు సీటు వచ్చిందని ఉత్తరం వచ్చిన రోజు నువ్వు ఇంటర్వ్యూకని పోయి తిరుపతిలోనే ఉన్నావు. డాక్టరు సీటు అని మాత్రం నాయనకు అర్థమైంది. రెండు మూటల బొరుగులు, ఒక బుట్ట బెల్లం తెచ్చి వీధిలో ఇంటింటికీ పంచాడు. అది పశువైద్యం సీటని మర్నాడు నేను విడమరిచి చదివి చెప్పాను. అప్పటికి బొరుగులు అందరి కడుపుల్లోకీ చేరిపోయాయి. వెనక్కి ఇమ్మని అడగడం ఎట్లా? ఆరేళ్ళుగా ఆయన మోస్తున్నది ఆ బొరుగుల మూటే.

ఇప్పుడు మగ్గం మీద ఒక పెళ్ళిచీర ఉంది. తాడిపత్రిలో బండలు కోయించే ఆసామి కూతురి పెళ్ళి, మార్చి మొదటి వారంలో. ఎర్ర పట్టు, బెత్తెడు జరీ అంచు. ఇంత ఎరుపు నేను చూడలేదు. రోజంతా నేసి తల ఎత్తితే నాయన ముఖం కూడా ఆకుపచ్చగా కనబడుతుంది. ఇద్దరం కూర్చుంటేగానీ నడిచే మగ్గం కాదు గనుక నాకు సినిమాలు బంద్. మేస్త్రి ఒక్కడే అప్పుడప్పుడు సెలవు తీసుకుంటాడు.

నాయన గురించి నీకు తెలియనిది కాదు కానీ రాస్తాను, మొన్న మళ్ళీ చూసి ఆశ్చర్యపోయాను. తెగిన పోగును అతుకుతాడు తప్ప కత్తిరించి పారేయడు. నేల మీద జానెడు పట్టు కనబడితే వంగి తీసి, వేలికి చుట్టి, తర్వాత కండెకు ఎక్కిస్తాడు. ఆయన మగ్గం పక్కన ఒక కత్తెర ఉంది గానీ, దాన్ని వాడగా నేను చూడలేదు. అలంకారానికి పెట్టుకున్నట్టున్నాడు.

తిప్పన్న.


ధర్మవరం,
8 ఫిబ్రవరి 1983, ఉదయం.

అక్కా,

ఇది పోస్టులో కాదు, అనంతపురం బస్సు కండక్టరు పుల్లన్న చేతికిచ్చి పంపుతున్నాను. టెలిగ్రాం కొడదామనుకున్నాను. కానీ మన వీధికి టెలిగ్రాం అంటే చావు కబురు. నేను పోస్టాఫీసులో ఫారం అడిగితే చాలు, ఇంటికి వచ్చేసరికి ఏడ్చేవాళ్ళు అరుగు మీద సిద్ధంగా ఉంటారు.

మేస్త్రికి బాగాలేదు. నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు. నీళ్ళు తాగినా కక్కుతున్నాడు. కడుపు ముట్టుకుంటే మూలుగుతున్నాడు. ఎలుక చెడ్డదేదైనా తిన్నాడేమో. అమ్మ ఆముదం పట్టిద్దామంటోంది. నాయన నీకు రాసి మందు మాత్రం తెప్పించమన్నాడు. పుల్లన్న చేతికే ఇచ్చి పంపు. ఆయన మధ్యాహ్నం బస్సుకు తిరిగి వస్తాడు.

తిప్పన్న.


అనంతపురం,
8 ఫిబ్రవరి, పన్నెండు గంటలు.

తిప్పా,

మందు పంపడం లేదు. నీ ఉత్తరంలో టెలిగ్రాం గురించి ఒక్కటే హాస్యం ఉంది, మిగతా అంతా బుద్ధిగా రాశావు. నువ్వు బుద్ధిగా రాశావంటే ఏదో దాచావన్నమాట.

వెంటనే చేయాల్సింది. నాయనను వాణ్ణి పట్టుకోమని, నువ్వు నోరు తెరిచి, నాలుకను బొటనవేలితో పైకెత్తి దాని మొదట్లో చూడు. అక్కడ పోగు ఏమైనా అడ్డంగా ఉందా? మన ఇంట్లో పిల్లి తినడానికి ఎలుక కంటే దగ్గరగా ఉన్నది పట్టు. పోగు కనబడితే దాన్ని లాగొద్దు. ఎంత కొద్దిగానైనా లాగొద్దు. ఆముదం వద్దు. పాలు, నీళ్ళు ఏమీ వద్దు.

చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. పుల్లన్నను నిలబెట్టి రాయి.

నాగలక్ష్మి.


ధర్మవరం,
8 ఫిబ్రవరి, మూడు గంటలు.

అక్కా,

పోగు ఉంది. నాలుక మొదట్లో, రెండు వైపులా కోసుకుపోయి ఉంది. ఎర్రది. పెళ్ళిచీరది.

ఇక దాచను. నేను రాయకూడదని నాయన మాట తీసుకున్నాడు, ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

ఆరో తేదీ మధ్యాహ్నం నాయన కండె మారుస్తుండగా, మేస్త్రి గంజి రుచికి పోగు కొస నాకడం మొదలుపెట్టాడు. నాకుతూ నాకుతూ మింగుతూ పోయాడు. మేము చూసేసరికి మూడు మూరలు లోపలికి పోయింది. వేరే ఎవరైనా అయితే అక్కడికి కత్తిరించి వదిలేసేవాళ్ళు. నాయన ఏం చేశాడో నువ్వు ఊహించగలవు. బయట ఉన్న కొసను ఖాళీ కండెకు చుట్టి, మేస్త్రిని ఒడిలో పెట్టుకుని, ఎంతో నిదానంగా చుట్టడం మొదలుపెట్టాడు. పోయిన దారినే వస్తుందన్నాడు. మూరెడు వచ్చింది కూడా. పోగు ఎక్కడా నలగలేదు. తర్వాత బిగుసుకుంది. మేస్త్రి అరిచాడు. నాయన ఆపి, ఈరోజుకు చాలు అన్నాడు. పోగు పాడవకుండా కండెను గుడ్డతో వాడి మెడకు కట్టాడు. రెండు రోజులుగా మన మేస్త్రి మెడలో కండె వేసుకుని తిరుగుతున్నాడు. నేను దాని మీద జోకులు కూడా వేశాను. నిన్న ఇంకో రెండు చుట్లు. ఆ తర్వాతే కక్కడం మొదలైంది.

నీ ఉత్తరం చదవగానే నాయన ముఖం చూడలేకపోయాను. లాగొద్దు అన్నదగ్గర ఆయన లేచి పెరట్లోకి పోయాడు.

వాణ్ణి నీ దగ్గరకు నేను తెస్తానన్నాను. నాయన వద్దన్నాడు. ఆ బస్సులో సగం మంది మన వీధివాళ్ళే, పిల్లిని ఎత్తుకుని పెద్దాసుపత్రికి ఎందుకు పోతున్నావని అడుగుతారట. నువ్వే ఇక్కడికి వచ్చి చూడగలవా? తలుపులు వేసుకుంటాం.

తిప్పన్న.


అనంతపురం,
8 ఫిబ్రవరి, సాయంత్రం బస్సు.

తిప్పా, ఇది నాయనకు చదివి వినిపించు. ఈసారి ఏ వాక్యమూ దాచొద్దు.

నాయనా,

పోగు ఒక కొస నాలుక కింద తగులుకుంది. రెండో కొస పేగుల్లో ఉంది. పేగు ఆ పోగును కిందికి తోసుకుందామని చూస్తుంది. పోగు కదలదు. అందుకని పేగే పోగు మీదికి పాకి, లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడ్డట్టు ముడుచుకుపోతుంది. ఎంత చుడితే అంత బిగుస్తుంది. ఇంకొన్నాళ్ళు పోతే పోగు పేగును కోసేస్తుంది. పట్టు ఎంత గట్టిదో నేను నీకు చెప్పాలా?

మెడలో కండె తీసెయ్. నోటి బయట ఉన్న పోగును జానెడు వదిలి కత్తిరించు. రేపు పది గంటల లోపల వాడు నా బల్ల మీద ఉండాలి. నేను అక్కడికి రాగలను గానీ బల్ల, దీపం, మత్తుమందు రావు. మగ్గం గుంట పక్కన దుమ్ములో నేను కడుపు కోయలేను. ఎవరూ తీసుకురాకపోతే రెండు రోజులు బతుకుతాడు.

నువ్వు చేసింది తప్పని నేను అనను. నలభై ఏళ్ళుగా నీ చేతులు చేస్తున్న పనే అది. వీధిలో ఏమి చెప్పుకుంటావో నీ ఇష్టం. వాణ్ణి మాత్రం పంపు.

నాగలక్ష్మి.


ధర్మవరం,
9 ఫిబ్రవరి, తెల్లవారి మొదటి బస్సు.

డాక్టరు గారికి,

ఈ ఉత్తరం తెచ్చినవారు మన నాయన. బుట్టలో ఉన్నది రోగి. ఇద్దరినీ చేర్చుకోవలసినది. ఇద్దరూ ఏమీ తినలేదు, రోగి మొన్నటి నుంచి, నాయన నిన్నటి నుంచి.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. వాడి మెడలో కండె విప్పేశాడు. మగ్గంలోకి దిగి నేయడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి మేస్త్రి వచ్చాడు. ఎప్పటిలా గుంటలోకి దిగాలని ముందుకాళ్ళు చాపాడు. దిగలేకపోయాడు. అంచు చెక్క మీద గడ్డం ఆనించి, కింద నాయన పాదాల వైపు చూస్తూ పడుకున్నాడు. నాయన కాళ్ళు ఆగిపోయాయి. పక్కనున్న కత్తెర అందుకున్నాడు. నన్ను వాడి తల పట్టుకోమన్నాడు. అంత చిన్న చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది, మగ్గం దగ్గర కత్తెర చప్పుడేమిటని.

పొద్దున నేను బుట్ట తీసుకోబోతే, "చుట్టింది నేను, తీసకపోయేదీ నేనే," అన్నాడు.

బుట్ట మీద తువ్వాలు కప్పాడు. బస్టాండులో ఎవరైనా అడిగితే చీర నమూనా చూపించడానికి పోతున్నానని చెప్తాడట. ఆ నమూనా దారిలో అరవకుండా ఉంటే చాలు.

అక్కా, వాణ్ణి బతికించు. మగ్గం ఆపి కూర్చున్నాను. ఇద్దరిలో ఒక్కడు లేకపోయినా అది నడవదు. ఒక్క పూట కూడా ఆగని నాయన ఆ సంగతే అడగలేదు.

తిప్పన్న.


అనంతపురం,
14 ఫిబ్రవరి 1983.

తిప్పా,

'బతికాడు' అని పుల్లన్నతో అన్న ఒక్క మాట నీకు అందే ఉంటుంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నాయన బయట కూర్చోనన్నాడు. ఖాజా పీర్ ఆయన చేతులు సబ్బుతో కడిగించి, మూతికి గుడ్డ కట్టి, గోడ పక్కన నిలబెట్టాడు. మేస్త్రికి మత్తు ఇచ్చి, నాలుక కింద పోగు కత్తిరించి, కడుపు తెరిచాను. పేగంతా ముడుచుకుపోయి గుప్పెడంత అయింది. పోగు రెండుచోట్ల గోడను కోయడం మొదలుపెట్టింది గానీ చీల్చలేదు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే నా వల్ల అయ్యేది కాదు.

ఒకచోట చిన్న గాటు పెట్టి పోగు కొస పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి నాయన గొంతు వచ్చింది. "ఒక కొస పట్టుకోని గుంజొద్దమ్మా. తునకలు చేసి తీ."

నాకు బెంగళూరులో నేర్పింది కూడా అదే. మూడుచోట్ల గాటు పెట్టి, పోగును మూడు తునకలు చేసి, ఒక్కొక్కటే తీశాను. కత్తిరించిన ప్రతిసారీ పేగు కాస్త కాస్త విచ్చుకుంటూ వచ్చింది. నాయన గోడ వదిలి ఎప్పుడు బల్ల దగ్గరికి వచ్చాడో నేను చూసుకోలేదు. మళ్ళీ కుట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. నా చేతుల వైపే చూశాడు, పిల్లి వైపు కాదు.

అయిదు రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. మూడో రోజు మేస్త్రి గంజినీళ్ళు తాగాడు. నాలుగో రోజు ఖాజా పీర్‌ను రక్కాడు. ఖాజా పీర్ ఆ గీతలు అందరికీ చూపించి, ఇది మా మేడం కోసి బతికించిన పిల్లి రక్కింది అని చెప్పుకుంటున్నాడు.

నిన్న బెళుగుప్ప నుంచి గొర్రెను తెచ్చిన ఒకాయన, ఆ డాక్టరమ్మ ఎవరి బిడ్డప్పా అని నాయనను అడిగాడు. నేను తలుపు వెనక చేతులు కడుక్కుంటున్నాను. తనకు తెలియదన్నాడు నాయన. "నేను పిల్లిని తెచ్చినోణ్ణి," అన్నాడు.

ఆయన్ను నేను అర్థం చేసుకోగలను. ఇది నీకు మాత్రమే రాస్తున్నాను, అమ్మకు చదివి వినిపించకు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి, ఇన్నాళ్ళు యాడికి పోయినావని వీధిలో అడిగితే ఏం చెప్పాలమ్మా అన్నాడు. నీ ఇష్టం నాయనా అన్నాను. రేపు మధ్యాహ్నం బస్సుకు వస్తారు. బుట్ట మీద కప్పుకోవడానికి తువ్వాలు ఉతికి ఆరేశాను.

నాగలక్ష్మి.


ధర్మవరం,
16 ఫిబ్రవరి 1983.

అక్కా,

జరిగింది జరిగినట్టు, నా సొంత కవిత్వం కలపకుండా రాస్తాను. కలపాల్సిన అవసరమూ రాలేదు.

నిన్న రెండు గంటలకు నేను వీధి మొదట్లో నిలబడ్డాను, నాయన వెనక దారిన వస్తాడేమో, అటు పోవాలా అని ఆలోచిస్తూ. ఆయన నడివీధిన వస్తున్నాడు. బుట్ట ఖాళీగా ఎడమచేతికి వేలాడుతోంది. తువ్వాలు భుజం మీద ఉంది. మేస్త్రి కుడిచేతి మీద, పెళ్ళికొడుకులా. పొట్ట మీద వెంట్రుకలు గీసేసి, గులాబీరంగు చర్మం మీద నల్లటి కుట్ల వరుస. వీధివాళ్ళు ఒక్కొక్కరే తలుపుల్లోకి వచ్చారు. మగ్గాలు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి. మన వీధి అంత నిశ్శబ్దంగా ఉండగా నేను వినడం అదే మొదలు.

ఓబమ్మవ్వ అరుగు దిగి అడ్డంగా వచ్చింది.

"ఏమప్పా రామాంజులూ, చీర నమూనా అంటివి. ఇదేం నమూనా?"

నాయన ఆగాడు. ఆయన మేస్త్రిని కొంచెం వెల్లకిలా తిప్పి, కుట్లు వెలుగుకు పట్టాడు.

"మా నాగలక్ష్మి కుట్టింది, సూడు ఓబమ్మక్కా."

"పిల్లికా? అయితే నాగలక్ష్మి మనుషుల డాక్టరు కాదా?"

"కాదు. పశువుల డాక్టరు. నేనే చెప్పల్యా."

"ఎందుకు చెప్పల్యా?"

"బుద్ధి లేక," అన్నాడు నాయన.

నాయనది ఇంకా అయిపోలేదు. వీధి చూస్తుండగా వేలితో ఒక్కొక్క కుట్టూ చూపించాడు.

"పద్నాలుగు కుట్లు. ఒక్కటి వంకర పోలేదు. నేను నలభై ఏండ్లుగా నేస్తాండా. ఊపిరి ఆడేదాని మీద ఒక్క పోగు ఎయ్యల్యా ఎప్పుడూ. అది ఏసింది. ఆడ నిలబడి నేను సూసినా."

నేను ఇది రాస్తూ మధ్యలో పెన్ను పెట్టి కాసేపు పెరట్లోకి పోయి వచ్చాను. కళ్ళలో దుమ్ము పడింది. అనంతపురం జిల్లా కదా, దుమ్ముకు కరువు లేదు.

ఓబమ్మవ్వ వంగింది. నేసేవాళ్ళింట్లో పుట్టి నేసేవాళ్ళింట్లో మెట్టిన మనిషి. కళ్ళు చిట్లించి కుట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చూసింది. తీర్పు కోసం వీధంతా ఆగింది.

"అంచు బాగుండాది," అంది.

అంతటితో సభ ముగిసింది. బొరుగులు తిన్నవాళ్ళెవ్వరూ వాటిని గుర్తు చేయలేదు. అందరూ కుట్లు చూడటానికి తోసుకుని వచ్చారు. మేస్త్రి ఇద్దరిని రక్కాడు. సాయంత్రానికి మన అరుగు మీద ఒక కుంటి మేక, తల వాల్చిన కోడిపుంజు, జబ్బేమిటో ఇంకా తేలని ఒక కుందేలు చేరాయి. నేను డాక్టరును కాదని ఎంత చెప్పినా ఒక్కరూ కదల్లేదు. నాయన వాటిని వరుసలో కూర్చోబెట్టి, మా అమ్మాయి ఆదివారం వస్తుందని నీ తరఫున మాట ఇచ్చేశాడు. నువ్వు వస్తావో రావో నన్ను అడగలేదు, నిన్నూ అడగమనలేదు. పొద్దున బస్సుకు రా. అరుగు ఊడ్చి, నీకు కుర్చీ అక్కడే వేశాడు.

పెళ్ళిచీర వారం వెనకబడింది. ఇప్పుడు రెండు పూటలూ నేస్తున్నాం. మేస్త్రి గుంట అంచుదాకా వచ్చి తానే దిగుతున్నాడు. నాయన పట్టు కండెలన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టడం నేర్చుకున్నాడు. నిన్న రాత్రి అన్నం ముందు ఆయన వాడి తల నిమరడం నేను చూశాను. చూశానని ఆయన చూశాడు. నా అంచులో పోగు వదులుగా ఉందన్నాడు.

చివరగా ఒక మనవి. ఈ ఉత్తరం నీకు ఆలస్యంగా అందితే తపాలా శాఖను తిట్టకు. కవరు మీద చిరునామా నాయన పక్కన నిలబడి రాయించాడు. 'డాక్టర్ నాగలక్ష్మి' అని ఆపబోతే ఒప్పుకోలేదు. దాని కింద 'పశువుల డాక్టరు' అని పెద్ద అక్షరాలతో రాయించి, సిరా ఆరేదాకా ఊదాడు. తానే పోయి పోస్టు డబ్బాలో వేస్తాడట. అక్షరాలు బయటికి కనబడేలా కవరును గుండెల మీద పట్టుకుని ఇప్పుడే గడప దిగాడు.

మన ఇంటి నుంచి పోస్టాఫీసుకు ముప్పై ఏడు ఇళ్ళు. ఆయన ఇంకా రెండో ఇంటి దగ్గరే ఉన్నాడని రాసి అందులో పడేద్దామంటే, కవరు ఖాళీగానే ఆయన చేతిలో ఉంది. అందుకని ఈ కాగితం పట్టుకుని ఆయన వెనక పరుగెత్తుతున్నాను.

నీ తమ్ముడు,
తిప్పన్న.